కోరంగి మడ అడవికి కావలి ఎవరు?

కాకినాడ నుండి యానాం వెళ్ళే బస్సులో ఎడమవైపు కిటికీ దగ్గర కూర్చుంటే, చొల్లంగి దాటాక దూరాన ఒక ముదురాకుపచ్చని గీత మన వెంట వస్తుంది. తెలియనివారు తుమ్మకంప అనుకొంటారు. మేమును చాలాకాలం అలాగే అనుకొన్నాము. మా సండేస్కూలు పిల్లలను తీసుకొని కోరంగి వద్ద అటవీశాఖవారు వేసిన చెక్కబాట మీద నడిచిన రోజున ఒక చిన్నవాడు వంగి బురదలోకి చూచి, నేలలో ఈ మేకులన్నీ తలక్రిందులుగా ఎవరు కొట్టారని అడిగాడు. నిజమే, వేలెడంత పొడవున లెక్కలేనన్ని పుల్లలు ఆకాశంవైపు నిక్కి ఉన్నాయి. మా ఉపాధ్యాయులలో ఎవరికీ జవాబు తోచలేదు. దారి చూపటానికి వచ్చిన ఊరి మనిషి నవ్వి, అవి మేకులు కావు, చెట్టు ముక్కులు అని చెప్పాడు.

మడ చెట్టు నిలిచే బురదలో గాలి ఆడదు. అందుచేత దాని వేళ్ళు కొన్ని పైకి పెరిగి, నీరు తీసిన వేళ గాలి పీల్చుకొంటాయి. ఉప్పునీటిలో ఉంటూ ఉప్పుకు చావకుండటం మరొక విద్య. కొన్ని చెట్లు ఉప్పును వేరు దగ్గరే ఆపివేస్తాయి. తెల్లమడ వంటివి లోనికి తీసుకొని ఆకు మీదికి చెమటలాగా వదులుతాయి. మా పిల్లలు ఆకు నాకి చూచి, ఉప్పగా ఉన్నదని కేకలు వేశారు. (తిల్ల చెట్టు జోలికి మాత్రం పోనీయకండి. దాని పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం.) ఇక పొన్న సంగతి చూడండి. దాని విత్తనం నేలమీద పడి మొలవదు. తల్లి కొమ్మను పట్టుకొని ఉండగానే మొలకెత్తి, జానెడుకు పైగా పొడవు సాగి, కాలం వచ్చినప్పుడు ఊడి బురదలో గుచ్చుకొంటుంది. లేదా పోటునీటి మీద తేలిపోయి మరొక చోట పాతుకొంటుంది. బిడ్డను నడవటం నేర్పించిగాని పంపని తల్లివలె సృష్టికర్త ఈ చెట్టును చేశాడు.

ఈ వేళ్ళ మధ్యనే రొయ్యపిల్ల, పీతపిల్ల, పండుగప్ప పిల్ల దాగి పెరుగుతాయి. రాలిన ఆకు కుళ్ళి వాటికి ఆహారమవుతుంది. పెద్ద చేప అక్కడికి దూరలేదు. పెరిగిన తరువాత అవి సముద్రంలోనికి పోయి మన వలలో పడతాయి. కాబట్టి భైరవపాలెంలోనో ఉప్పాడలోనో పడవ దించే మనిషి పట్టే చేపలో కొంత ఈ అడవి పెంచినదే.

గోదావరి సముద్రంలో కలిసేచోట ఉన్న ఈ అడవిని, దాని ఏరులను, ఎదురుగా ఉన్న హోప్ ఐలాండు ఇసుక దిబ్బను కలిపి 1978లో ప్రభుత్వం అభయారణ్యంగా ప్రకటించింది. విస్తీర్ణం సుమారు 235 చదరపు కిలోమీటర్లు. బావురుపిల్లి అనే చేపలు పట్టే పిల్లి ఇక్కడ ఉన్నది. 2018లో లెక్క తీసినప్పుడు 115 తేలాయి. నీటికుక్కలు ఉన్నాయి. చలికాలంలో దూరదేశాల పక్షులు బురదమేటల మీద దిగుతాయి. హోప్ ఐలాండు ఇసుకలో ఆలివ్ రిడ్లీ అనే సముద్రపు తాబేలు గుడ్లు పెడుతుంది.

కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టే రేవు. 1839 నవంబరులో వచ్చిన ఉప్పెన దానిని తుడిచివేసింది. మూడు లక్షలమంది పోయారని పాత పుస్తకాలు వ్రాస్తాయి. ఆ తలలు ఎవరు లెక్కపెట్టారో మనకు అర్థం కాదు గాని, ఆ రేవు మరల పూర్వపు స్థితికి రాలేదు. మనలో పెద్దవారికి అంత వెనుకకు పోనక్కరలేదు. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి చాలు. కోనసీమను, ఈ తీరాన్ని ఆ తుఫాను కొట్టినప్పుడు వెయ్యిమందికి పైగా మరణించారు. భైరవపాలెం, బలుసుతిప్ప వంటి పల్లెలలో తిరిగి రాని మగవారి కొరకు ఎదురుచూచిన ఇళ్ళు ఎన్నో. మడ అడవి తుఫానును ఆపదు, అలాగని ఎవరైనా చెబితే నమ్మవద్దు. అయితే అల దాని గుండా రావాలంటే బలం కొంత పోగొట్టుకొని రావాలి. గట్టును కోయకుండా పట్టుకొనేది దాని వేరే.

అటువంటి అడవి ఎలా పలుచబడింది? ఇక్కడ మనం ఎవరిమీదనైనా రాయి వేయబోయే ముందు మన చేతులు చూచుకోవాలి. చాలా ఏళ్ళు అది వంటచెరకు. తీరపు పల్లెలో ఆడవారు తెల్లవారుజామున దోనెలో పోయి మోపు కొట్టుకొని వచ్చేవారు. వేరే పుల్ల వారికి ఎక్కడున్నది? ఇంటి వాసాలు, గుంజలు అందులోవే. గేదెలు మేసేది అందులోనే. ఇది పేదల వాడకం. దానికి తోడు 1980ల చివర రొయ్యల చెరువులు వచ్చాయి. టైగరు రొయ్యకు పలికిన ధర చూచి వరిచేలను, ఉప్పునేలలను, మడ అంచులను తవ్వి చెరువులు కట్టారు. హేచరీలు సరిపోని ఆ రోజులలో రొయ్యపిల్ల కొరకు ఆడవారు, పిల్లలు నడుముల్లోతు ఏరులో సన్నకన్ను వలలు లాగేవారు. కావలసిన పిల్లను ఏరుకొని, దానితో వచ్చిన మిగతా చేపపిల్లలను, పీతపిల్లలను గట్టున పారబోసేవారు. ఒక్క రొయ్యపిల్ల కొరకు ఎన్ని ప్రాణాలు ఎండలో ఎండిపోయాయో ఎవరూ లెక్క వ్రాయలేదు.

1994, 1995 సంవత్సరాలలో తెల్లమచ్చ వ్యాధి వచ్చి చెరువులకు చెరువులు తుడిచిపెట్టింది. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు, తీరపు నియంత్రణ ప్రాంతంలోని చెరువులను తీసివేయాలని తీర్పు ఇచ్చింది. అది పూర్తిగా అమలు కాలేదు. చట్టాలు మారాయి, 2005లో తీర ఆక్వా సాగుకు ఒక అథారిటీ ఏర్పడింది, 2009 తరువాత వనామీ రొయ్య వచ్చి చెరువులు మరల నిండాయి. ఆ తొలి రోజుల రొయ్యల డబ్బుతో మందిరపు కప్పు వేసుకొన్న సంఘాలు మా ఎరుకలోనే ఉన్నాయి. ఆ కానుక తప్పని మేము అనటం లేదు. చెరువు రైతు కూడా రెక్కలు ముక్కలు చేసుకొన్నవాడే. కాని ఏ నేల తవ్వగా వచ్చిన డబ్బు అని ఆనాడు కానుకల పళ్ళెం పట్టిన మాలో ఒక్కరము అడగలేదు.

ఇప్పుడు బాగుచేసిన సంగతి. ఇదే మేము ముఖ్యంగా వ్రాయదలచినది.

నరికిన మడ దానంతట అది ఎందుకు తిరిగి రాదు? మన వైపు రైతులు దీనిని సులభంగా గ్రహించగలరు. అడవి నరికిన చోట ఎండ నేరుగా నేలకు తగులుతుంది. బురద ఎండి, కుదించుకొని, పళ్ళెంలాగా గుంటపడుతుంది. పోటునీరు గుంటలోకి వస్తుంది గాని తిరిగి పోదు. నిలిచిన నీరు ఎండకు ఇగిరి ఉప్పు మిగులుతుంది. మరల పోటు, మరల ఉప్పు. కొన్నాళ్ళకు అక్కడ మడ విత్తనం కూడా చచ్చిపోయేంత ఉప్పు పేరుకొంటుంది. ఉప్పులో బ్రతికే చెట్టుకే ఉప్పు ఎక్కువైపోతుంది. అటువంటి నేలలో ఎన్ని మొక్కలు నాటినా ఫొటోకు పనికివస్తాయి, అంతే.

తమిళనాడులోని పిచ్చవరంలో మద్రాసుకు చెందిన ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థవారు దీనికి ఒక ఉపాయం చేసి చూచారు. 1996 నుండి కొన్నేళ్ళు అటవీశాఖతోను, ఊరివారితోను కలిసి గోదావరి, కృష్ణా మడలలో అదే పని చేశారు. ఉపాయం ఏమంటే, మొక్క కంటే ముందు కాలువ. ఏరు నుండి ఒక పెద్ద కాలువ, దానికి రెండు వైపులా ఏటవాలుగా పిల్లకాలువలు. పైనుండి చూస్తే చేపముల్లులాగా కనబడుతుంది. పోటుకు నీరు లోనికి వచ్చి, నీరు తీసినప్పుడు ఉప్పును కడుక్కొని బయటికి పోతుంది. నేలలో ఉప్పు తగ్గి, తడి నిలుస్తుంది. అప్పుడు పిల్లకాలువ గట్ల వాలున మడ మొక్కలు నాటారు. నీరు ఎంత ఎత్తుకు వస్తుందో చూచుకొని, మొక్క మునిగిపోకుండా, ఎండిపోకుండా సరిగ్గా ఆ వరుసలో పెట్టాలి. చౌడునేలకు మురుగుకాలువ తీసి ఉప్పు కడిగే రైతుకు ఇందులో వింత ఏమీ లేదు. దేవుడు ఉంచిన ఆటుపోట్లకు దారి ఇచ్చారు, అంతే. మిగతా పని నీరే చేసింది.

ఆ కాలువలు తవ్వినవారు ఎవరు? మోపు కొట్టుకొని వచ్చిన చేతులే. ఇది గమనించవలసిన సంగతి. 1978 తరువాత చాలాకాలం కావలి అంటే గార్డు, లాఠీ, జరిమానా. గార్డు ఒక ఏరులో ఉంటే దోనె మరొక ఏరులో. అడవి తగ్గుతూనే పోయింది. పల్లెల్లో కమిటీలు కట్టి, ఆడవారిని కూడా సభ్యులుగా చేర్చి, కాలువ పనికి కూలి ఇచ్చి, ఎక్కడ పుల్ల ఏరుకోవచ్చు, ఎక్కడ గేదెలు పోరాదు అన్నది వారితోనే కూర్చొని నిర్ణయించాక కథ మారింది. వంటచెరకు కొరకు బయట సరుగుడు వేశారు, పుల్ల తక్కువ తినే పొయ్యిలు వచ్చాయి, తరువాతి కాలంలో గ్యాసు బండ వచ్చింది. ఏదో ఒక ఆసరా చూపకుండా నరకవద్దని చెప్పటం, ఆకలిగొన్నవానికి ఉపవాస ప్రార్థన నేర్పటంవంటిది.

ఏదెను తోటలో ఆదాముకు ఇచ్చిన పని రెండు భాగాలని ఆదికాండము రెండవ అధ్యాయం చదివినవారికి తెలుసు. దున్ని పండించటం ఒకటి, కాపాడటం ఒకటి. మన ప్రసంగాలలో మొదటి దానిని గూర్చి ఎక్కువగా వింటాము. రెండవది గార్డు పని అనుకొంటాము. కాని అక్కడ కూలీ ఒకడు, కావలివాడు మరొకడు అని లేదు. ఒకే మనిషికి రెండు పనులు. కోరంగిలో తప్పు దిద్దుకొన్నది ఆ రెంటినీ మరల ఒకరి చేతిలో పెట్టినప్పుడే.

2010 తరువాత ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం సాయంతో ఇక్కడ మరొక పథకం నడిచింది. పొడి అక్షరాలతో దానిని ఎగ్రీ అంటారు. అడవి గీత లోపల ఎంత కాపాడినా, గీత బయట రేవు, చమురు, గ్యాసు బావులు, ఫ్యాక్టరీలు, చెరువులు ఉన్నాయి కదా. నీటికి గీత తెలియదు. అందరినీ ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టటం దాని ఉద్దేశ్యం. పైనుండి వచ్చే ఒండ్రు సంగతి మాత్రం ఏ బల్ల దగ్గరా తేలేది కాదు. ధవళేశ్వరం మొదలుకొని పైన కట్టిన ఆనకట్టలన్నీ మనకు అన్నం పెట్టాయి. అవే గోదావరి తెచ్చే మట్టిని ఆపాయి. మట్టి రాని మొగ దగ్గర సముద్రం నేలను తింటుంది.

ఇక సముద్రం సంగతి. తాబేలు జనవరి మొదలు రాత్రివేళ ఒడ్డుకు వచ్చి, ఇసుక తవ్వి, నూరుకు పైగా గుడ్లు పెట్టి, కప్పి, వెనుదిరిగి చూడకుండా పోతుంది. సుమారు 50 రోజులకు పిల్లలు పైకి వచ్చి, సముద్రం మీది వెలుగును చూచి అటు పరుగెడతాయి. ఒడ్డున కరెంటు దీపాలుంటే మోసపోయి ఊరివైపు వస్తాయి. గుడ్లను కుక్కలు, నక్కలు తవ్వకుండా ఏరి, కంచె వేసిన ఇసుకలో పాతి, పిల్లలను విడిచే పని అటవీశాఖవారు ఊరి యువకులతో చేయిస్తున్నారు. అయితే పెద్ద తాబేళ్ళు చచ్చి కొట్టుకొని రావటం ఆగలేదు. తాబేలు ఊపిరితిత్తులతో గాలి పీల్చే జీవి. మరబోటు వల అడుగున గంటల తరబడి లాగుతుంటే అందులో చిక్కి ఊపిరాడక చస్తుంది. వలలో ఒక ఇనుప చట్రం, పైన ఒక కిటికీ పెడితే తాబేలు బయటపడుతుంది. అందులోనుండి కొంత చేప కూడా పోతుందని బోటువారి బాధ. ఈ చట్రం లేదన్న కారణంతో 2019లో అమెరికా మన సముద్రపు రొయ్యను కొనటం నిలిపివేసింది. చెరువు రొయ్యకు ఆ అడ్డు లేదు. తీరం నుండి 8 కిలోమీటర్ల లోపు మరబోట్లు వేటాడరాదని కూడా మన రాష్ట్ర చట్టం ఉన్నది. ఆ 8 కిలోమీటర్లను కొలిచేవారు సముద్రం మీద తక్కువ.

పక్షి గూడు కనబడితే పిల్లలతోపాటు తల్లిని పట్టవద్దని ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయంలో ఆజ్ఞ ఉన్నది. చాలా చిన్న ఆజ్ఞ. దానిలో మనకు ఒక లెక్క ఉన్నది. గుడ్డు తినవచ్చు, తల్లి ఉంటే రేపు మరల గుడ్డు ఉంటుంది. ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్ల, మోటారు పడవల వేటను ఆపుతున్నది ఈ లెక్క మీదనే, చేప గుడ్డు పెట్టే కాలమని. (తాబేలు గుడ్లు పెట్టటం అప్పటికి చాలావరకు ముగుస్తుంది గనుక ఈ నిషేధం దానికి పెద్దగా ఉపకరించదు.) లేవీయకాండము 25వ అధ్యాయంలో నేలకు విశ్రాంతి సంవత్సరం ఉన్నది. ఈ 61 రోజులను సముద్రపు విశ్రాంతి దినాలని మేము మా యౌవనస్థుల కూటంలో చెప్పబోతే, ఒక పడవ కుర్రవాడు లేచి, ఆ రోజులలో ఇంటిలో పొయ్యికి కూడా విశ్రాంతేనండీ అన్నాడు. అందరూ నవ్వారు. అతను నవ్వలేదు.

ఈ నిషేధపు రోజులకు ప్రభుత్వం భృతి ఇస్తున్నది. 2019లో కుటుంబానికి 10,000 రూపాయలు చేసింది, 2025లో దానిని 20,000 చేసింది. మంచిదే. అయితే అది నమోదైన పడవల మీద సముద్రపు వేటకు పోయేవారి లెక్క. ఏరులో చేతితో పీతలు పట్టే విధవరాలు, రేవులో బుట్ట మోసి, చేప ఎండబెట్టి అమ్మే అమ్మలు ఆ పట్టీలో ఉండరు. పడవ ఆగితే వారి బుట్ట ఆగుతుంది. ఇటువంటి చిక్కులు ఇంకా ఉన్నాయి. 2020లో కాకినాడ పక్కన దుమ్ములపేట వద్ద పేదల ఇళ్ళ స్థలాల కొరకు మడను చదును చేయటం గూర్చి వ్యాజ్యం హరిత ట్రిబ్యునల్ దాకా పోయింది. ఇల్లు లేనివాని పక్షమా, చెట్టు పక్షమా అని మమ్మును అడిగితే, మడ నరికిన చోట కట్టిన ఇంటికి ఉప్పెన వచ్చిన రాత్రి ఏమి అడ్డం అని మేము తిరిగి అడుగుతాము. పేదవానికి ఎప్పుడూ ముంపు నేలే ఎందుకు దొరుకుతుంది?

పుస్తెలమ్మైనా పులస తినాలని సామెత చెప్పుకొనే జిల్లా మనది. తినేవారిదే ఈ సామెత, పట్టేవారిది కాదు. కావలికి అయ్యే ఖర్చును పట్టేవాడే ఎందుకు పెట్టుకోవాలి అన్నదే మమ్మును వెంటాడిన ప్రశ్న. మా సంఘ కమిటీ ముందు ఒక మాట పెట్టాము. వేట ఆగేది ఏప్రిల్ నెలలో. మన డెల్టాలో దాళ్వా కోతలూ ఆ రోజులలోనే. మెట్టన, చేల వైపున ఉన్న సంఘాలు ఆ రెండు నెలల పిడికెడు బియ్యాన్ని తీరపు సంఘాలలో పట్టీకెక్కని ఆడవారికి పంపితే ఎలా ఉంటుంది? కొందరు పెద్దలు సంతోషించారు. కొందరు, ప్రభుత్వం ఇస్తూనే ఉన్నది కదా, పిడికెడు బియ్యం పాస్టరుగారి కుటుంబానికి, సువార్త పనికి ఉద్దేశించినది కదా అన్నారు. ఆ మాటలోనూ న్యాయం ఉన్నది. తీర్మానం వాయిదా పడింది. ఈ సంగతి మీ సంఘాలలో మాట్లాడి మాకు ఉత్తరం వ్రాయండి. మీరు వేరొక దారి కనుగొంటే అదీ వ్రాయండి.

మరొకసారి మేము పిల్లలు లేకుండా కోరంగికి వెళ్ళాము. కమిటీలో ఉన్న ఒక అమ్మ మమ్మును దోనెలో తీసుకొని ఏరులోనికి పోయింది. పాతికేళ్ళ క్రితం తాను కూలికి తవ్విన కాలువను చూపించింది. గట్లు మడ వేళ్ళలో కలిసిపోయి, అది తవ్విన కాలువ అని చెబితేగాని తెలియదు. స్త్రీల సమాజంలో ఆమె కోశాధికారి. మాటల మధ్యలో తన పీతల బుట్ట తెరిచింది. ఆనాటికి దొరికిన ఆడపీతలు మూడు, మూడింటికీ సొన నిండి ఉన్నది. సొన నిండిన మండపీత సముద్రంలోనికి పోయి పిల్లలను విడుస్తుంది, ఆ పిల్లలే ఈ మడలోనికి తిరిగి వస్తాయి. సొన ఉన్న పీతకే బజారులో ధర ఎక్కువ. ఆమె మూడింటినీ చేతితో తూచి చూచి, రెండు బుట్టలో వేసుకొని, ఒకదాని కట్టు విప్పి నీటిలో విడిచింది. అది ఎంత పలుకుతుందమ్మా అని మేము అడిగాము. ఆ లెక్క వేసుకొంటే చెయ్యి రాదు బాబూ అని, పోటు ఎక్కుతున్నదని దోనె తిప్పింది.